రాత్రి పొలం, చేతిలో లైటు: భద్రత ఎవరి బాధ్యత?

వ్యవసాయ పనిముట్లు ఏమిటంటే నాగలి, గొర్రు, పార, స్ప్రేయర్, ట్రాక్టర్ అని లెక్క చెబుతాం. ఆ లెక్కలో టార్చిలైటు ఉండదు. కానీ బోరు కింద సేద్యం చేసే ఏ రైతు ఇంట్లో చూసినా మూలన పార, దాని పక్కన ప్లగ్గుకు వేలాడుతూ ఒక ఛార్జింగ్ లైటు కనిపిస్తాయి. ఈ రోజుల్లో ఆ లైటు లేకుండా సేద్యం లేదు. అందుకే వర్షాకాలం పనులు ముమ్మరమయ్యే ఈ సమయంలో దాని గురించి రాస్తున్నాం.

గత కొన్నేళ్లలో ఈ లైట్లలోని బ్యాటరీలు మారిపోయాయి. లిథియం బ్యాటరీలు వచ్చాయి. వెలుగు పెరిగింది, బరువు తగ్గింది. దాంతోపాటు లైటు చేతిలో కాలిపోయేంత వేడెక్కడం, ఛార్జింగ్‌లో ఉండగా ఉబ్బడం, పొగ రావడం, ఒక్కోసారి మంట లేవడం కూడా వచ్చాయి. ప్రమాదం జరిగినప్పుడు 'రైతు అజాగ్రత్త' అని తేల్చేయడం అలవాటైంది. మా అభిప్రాయం వేరు. జాగ్రత్తలు తప్పకుండా తీసుకోవాలి, అవేమిటో కింద వివరంగా రాస్తున్నాం. కానీ రైతును చీకట్లో పొలానికి పంపుతున్న వ్యవస్థ, గుర్తింపు లేని సరుకును సంతలో అమ్మనిస్తున్న వ్యవస్థ తమ బాధ్యతను రైతు మీదికి నెట్టడాన్ని మేము అంగీకరించం.

చీకట్లోకి ఎందుకు వెళ్తున్నాం?

'రాత్రిపూట వెళ్లకపోతే సరిపోతుంది కదా' అని పట్నంలో కూర్చుని అనడం సులువు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూటే 9 గంటలు అన్నారు. మాటలు మంచివే. కానీ ఫీడర్ మీద లోడు పెరిగినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలినా, లైను పనికని ఎల్సీ తీసుకున్నా పగలు పోయిన గంటలకు బదులు రాత్రి నీళ్లు పెట్టుకోవాల్సి వస్తోంది. నీటిమట్టం పడిపోయిన చోట బోరు ఆగి ఆగి పోస్తుంది. కరెంటు ఎన్ని గంటలున్నా మడవ తిప్పడానికి రైతు అక్కడ ఉండాల్సిందే. అడవి పందుల నుంచి మొక్కజొన్న, వేరుశనగ కాపాడుకోవాలన్నా, కల్లంలో మిర్చికి కాపలా పడుకోవాలన్నా రాత్రే.

ఆ చీకట్లో లైటు లేకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాము కాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది అని, 2020లో వెలువడిన దేశవ్యాప్త మరణాల అధ్యయనం అంచనా వేసింది. అందులో ఎక్కువ మంది పల్లెవాసులు. దాదాపు సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబర్ లోపు జరిగినవే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన తెలుగు ప్రాంతం కూడా ఉంది. గట్టు మీద పామును, తెగిపడిన కరెంటు తీగను, పూడని బావిని చూపించేది ఆ లైటే. కాబట్టి లైటు వాడొద్దని ఎవరూ చెప్పలేరు. మంచి లైటు, మంచి బ్యాటరీ రైతుకు దక్కాలన్నదే ప్రశ్న.

లోపల ఏముంది?

వెనకటి మూడు సెల్లుల లైటు గుర్తుండే ఉంటుంది. ఆ సెల్లులు పాతబడితే జిగురు కారి, లోపలి స్ప్రింగు తుప్పుపట్టేది. అంతకు మించి కీడు చేసేవి కావు. ఇప్పటి లైట్లలో ఎక్కువగా ఉండేది వేలి మందాన ఉండే లిథియం సెల్. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి 18650 అని పేరు. పాత సెల్ 1.5 వోల్టులైతే ఇది 3.7 వోల్టులు. నిండా ఛార్జింగ్ అయితే 4.2 వోల్టులు. చిన్న గొట్టంలో చాలా శక్తి కూరి ఉంటుంది. లోపలి ద్రావకం మండే గుణం ఉన్నది. రెండు లోహపు రేకుల మధ్య పలుచని ప్లాస్టిక్ పొర ఒక్కటే అడ్డుగోడ.

ఆ పొర దెబ్బతింటే రెండు రేకులూ తగులుకుంటాయి. లోపల వేడి పుడుతుంది. సుమారు 130 డిగ్రీల దగ్గర ఆ పొర కరిగిపోతుంది. అప్పటికి లోపలి రసాయనాలు తమంతట తామే వేడిని పుట్టించడం మొదలుపెడతాయి. తడిసిన ధాన్యం కుప్ప పోస్తే లోపల దానంతటదే వేడెక్కుతుంది కదా, ఇదీ అలాంటిదే. తేడా ఏమిటంటే ధాన్యానికి రోజులు పడుతుంది, సెల్‌కు క్షణాలు చాలు. పుట్టిన గ్యాసు బయటికి పోవడానికి మంచి సెల్‌కు పైభాగంలో దారి ఉంటుంది. కానీ ఆ సెల్ ఉన్నది నీళ్లు చొరకుండా రబ్బరు వాషరుతో గట్టిగా బిగించిన లోహపు గొట్టంలో. గ్యాసు పోయే దారి లేకపోతే లైటే పేలుతుంది. నెత్తికి కట్టుకునే లైట్లలో ఈ సెల్ నుదుటి మీదో తల వెనకో ఉంటుందన్న సంగతి మరవకూడదు.

అన్ని వేడీ ఒకటి కాదు. ఎల్‌ఈడీకి ఇచ్చిన కరెంటులో సగానికి పైగా వేడిగానే పోతుంది. అందుకని లైటు తల భాగం కాస్త వెచ్చబడటం మామూలే. సెల్ ఉండే గొట్టం వేడెక్కితే అనుమానించాలి. ఛార్జింగ్‌లో పట్టుకోలేనంత వేడెక్కినా, ఆపేసి పక్కన పెట్టిన లైటు వెచ్చగా తగిలినా అది ప్రమాద సూచన. ఆ లైటును ఇక వాడకూడదు.

రిపేరు షాపులో జరిగే పొరపాటు

మేము ప్రత్యేకంగా చెప్పదలచుకున్నది ఇది. మన ఊళ్లలో ఇంకా చాలా ఛార్జింగ్ లైట్లలో ఉన్నది 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. వెనక ప్లగ్గు పిన్నులు లాగి నేరుగా గోడకు పెట్టే లైట్లు ఎక్కువగా ఆ రకమే. ఏడాదికో రెండేళ్లకో ఆ బ్యాటరీ చచ్చిపోతుంది. షాపుకు తీసుకెళ్తే, 'పాతది దొరకదు, లిథియం వేస్తాను, ఇంకా బాగా వెలుగుతుంది' అంటారు. వెలుగుతుంది కూడా. కానీ లోపలి ఛార్జింగ్ సర్క్యూట్ పాతదే. అది లెడ్ యాసిడ్ కోసం చేసినది. 4.2 వోల్టుల దగ్గర ఆగాలని దానికి తెలియదు, ఎక్కిస్తూనే పోతుంది. రాత్రి ప్లగ్గులో పెట్టి పడుకుంటే ఆ సెల్ పరిమితి దాటిపోతుంది. మొదటి రోజే ఏమీ కాకపోవచ్చు. రోజురోజుకూ సెల్ లోపల దెబ్బతింటూ, ఒక రోజు ఉబ్బుతుంది లేదా మండుతుంది.

భుజాన మోసే బ్యాటరీ స్ప్రేయర్‌దీ ఇదే కథ. అందులో 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసి మూడేసి సెల్లుల వరస లిథియం ప్యాకు పెడుతున్నారు. మూడు సెల్లుల వరస 12.6 వోల్టులకు ఆగాలి. పాత ఛార్జర్ 14 వోల్టులు దాటి పోతుంది. మధ్యలో ఆపే రక్షణ సర్క్యూట్ ఉంటే సరే. దాన్నే మెకానిక్‌లు బీఎంఎస్ అంటారు. ఖర్చు కలిసొస్తుందని అది లేకుండానే అతికిస్తే, రైతు నిప్పును వీపున మోస్తున్నట్టే. లిథియం వేయించుకునేవారు రెండు మాటలు అడగాలి: బీఎంఎస్ ఉందా? దీనికి తగిన ఛార్జర్ ఇస్తున్నావా? రెంటికీ ఔనని చెప్పకపోతే పాత రకం బ్యాటరీయే వేయించుకోవడం మేలు.

లేబుల్ మీద అంకెలు

సంతలో 9,900 ఎంఏహెచ్ అని రాసిన 18650 సెల్లులు దొరుకుతాయి. ఆ సైజులో అంత సామర్థ్యం ఉన్న లిథియం సెల్ లేదు. ప్రపంచంలో పేరున్న కంపెనీలు చేసే మేలురకం సెల్ కూడా సుమారు 3,500 దగ్గరే ఆగుతుంది. అంకె ఎంత పెద్దదైతే అబద్ధం అంత పెద్దదని లెక్క. పాత లాప్‌టాప్ బ్యాటరీలు విప్పి, అందులో కొంచెం ప్రాణమున్న సెల్లులకు కొత్త ప్లాస్టిక్ తొడుగు వేసి అమ్మడం కూడా ఉంది. పైకి కొత్తది, లోపల అరిగిపోయినది.

విడి సెల్లుల గురించి అమెరికా వినియోగదారు భద్రతా కమిషన్ 2021 జనవరిలోనే హెచ్చరించింది. ఈ 18650 సెల్లులు ప్యాకుల్లో భాగంగా వాడటానికి చేసినవని, విడిగా ప్రజలకు అమ్మడానికి కాదని, కొనవద్దని చెప్పింది. జేబులో తాళాలకు, చిల్లరకు తగిలినా షార్టవుతాయని వివరించింది. అక్కడి ప్రజలకు ప్రభుత్వ సంస్థ చెప్పిన మాట మన సంతకు మాత్రం ఇంకా చేరలేదు.

మనం పాటించాల్సినవి

కొనేటప్పుడు: మన దేశంలో లిథియం బ్యాటరీలకు భారతీయ ప్రమాణాల సంస్థ దగ్గర నమోదు తప్పనిసరి. బ్యాటరీ మీద గానీ ప్యాకెట్ మీద గానీ ఐఎస్ 16046 అని, దాని కింద ఇంగ్లిషు ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ తయారీదారుదో తెలుస్తుంది. చదువుకునే పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ పని రెండు నిమిషాల్లో అవుతుంది. గుర్తు లేని సరుకు వంద రూపాయలు తక్కువకు వచ్చినా వద్దు. బిల్లు తప్పకుండా తీసుకోవాలి, ఎందుకో తర్వాత చెబుతాం.

ఛార్జింగ్ పెట్టేటప్పుడు: మనం మెలకువగా, కనిపించే దూరంలో ఉన్నప్పుడే పెట్టాలి. నిండగానే తీసేయాలి. మంచం మీద, దిండు పక్కన, దోమతెర లోపల పెట్టొద్దు. ఏరిన పత్తి నింపిన గదిలో, గడ్డివాము దగ్గర, కొట్టంలో ఎండుగడ్డి పక్కన, పురుగుమందు డబ్బాలు పెట్టిన మోటారు షెడ్డులో అసలే పెట్టొద్దు. సిమెంటు గచ్చు మీదో, బండ మీదో, చుట్టూ మండేదేమీ లేని చోట పెట్టాలి. లైటుతో వచ్చిన ఛార్జరే వాడాలి. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం సెల్‌ను ఛార్జ్ చేయకూడదు. మే నెలలో రెంటచింతల, రామగుండం వైపు మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డులో ఛార్జింగ్ పెట్టడమంటే ఆ హద్దు దాటడమే. ఉదయం చల్లవేళ పెట్టుకోవాలి.

వాడేటప్పుడు: రెండు సెల్లుల లైటులో ఒకటి కొత్తది, ఒకటి పాతది కలపొద్దు. రెండు కంపెనీలవి కలపొద్దు. బలహీనమైన సెల్ ముందుగా ఖాళీ అవుతుంది, బలమైనది దాన్ని ఎదురు దిశలో తోస్తుంది. ఈ రకం లైట్లలో పేలుళ్లకు ఇదొక ముఖ్య కారణం. వెలుగు బాగా మందగించాక ఇంకా లాగొద్దు. పూర్తిగా అడుగంటిన సెల్ లోపల రాగి కరిగి, మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు షార్టయ్యే ప్రమాదం ఉంది. నెలల తరబడి మూలన పడేసిన లైటును కూడా ఇదే అనుమానంతో చూడాలి. బురదలో, కాలువలో పడిన లైటును తుడిచి వెంటనే ప్లగ్గులో పెట్టొద్దు. బండి డిక్కీలో, ట్రాక్టర్ ఇంజన్ మీద ఎండలో వదలొద్దు. విడి సెల్‌ను జేబులో వేసుకోవద్దు, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టాలి. పై తొడుగు చిరిగినా, సొట్టపడినా, ఉబ్బినా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా ఆ సెల్ పని అయిపోయినట్టే.

ప్రమాదం జరిగితే: బుస్సుమని శబ్దం, పొగ వస్తే లైటును వదిలేసి దూరం జరగాలి. మూత విప్పి చూడకూడదు. ఛార్జింగ్‌లో ఉంటే మెయిన్ స్విచ్ ఆపాలి. ఆ పొగ ఊపిరితిత్తులకు హాని, తలుపులు తెరిచి పిల్లలను బయటికి తేవాలి. ఛార్జింగ్ లిథియం సెల్ మంట మీద నీళ్లు పోయకూడదన్నది అపోహ. కరెంటు ఆపాక దూరం నుంచి ధారాళంగా నీళ్లు పోయాలి, సెల్‌ను చల్లార్చేది నీళ్లే. ఇసుక పోస్తే మంట పాకకుండా ఆగుతుంది గానీ సెల్ చల్లబడదు. ఆరిన సెల్ మళ్లీ అంటుకోవచ్చు, దాన్ని ఆరుబయట విడిగా ఉంచాలి. మంట ఇంటికి పాకితే 101కి ఫోన్ చేయాలి. ఒళ్లు కాలితే కాలిన చోట 20 నిమిషాలు పారే చల్లటి నీళ్లు పోసి ఆసుపత్రికి వెళ్లాలి. పేస్టు, పసుపు, ఇంకు రాయొద్దు.

పారేసేటప్పుడు: చెత్త మంటలో వేయొద్దు, కాలువలో విసరొద్దు, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వొద్దు. సెల్ రెండు కొసలకు టేపు అంటించి విడిగా ఉంచాలి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. మన మండలంలో ఆ సేకరణ కేంద్రం ఎక్కడుందో చూపించమని అడిగే హక్కు మనకుంది.

అజాగ్రత్త రైతుదేనా?

పై జాబితా మళ్లీ చదవండి. ఇన్ని సంగతులు గుర్తుంచుకుని, అర్ధరాత్రి నిద్రమత్తులో లేచి, వానలో, బురదలో తప్పక పాటించాలని రైతును అడుగుతున్నాం. రక్షణ సర్క్యూట్ ఉన్న మంచి లైటులో వీటిలో సగం పని ఆ సర్క్యూటే చేస్తుంది. నిండగానే ఛార్జింగ్ ఆపుతుంది, అడుగంటక ముందే లైటు ఆర్పుతుంది, షార్టయితే తెంపేస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే రకం సెల్ అయితే వేడిని ఇంకా ఎక్కువగా తట్టుకుంటుంది. ఈ రక్షణ ఉన్న సరుకు, లేని సరుకు ఒకే బల్ల మీద, ఒకే రంగు డబ్బాల్లో అమ్ముతుంటే తేడా కనిపెట్టాల్సిన బాధ్యత కొనేవాడి మీద వేయడం న్యాయం కాదు. నకిలీ విత్తనాల విషయంలో దశాబ్దాలుగా విన్న వాదనే ఇది. మొలకెత్తకపోతే రైతు సరిగా వేయలేదన్నారు. పేలితే రైతు సరిగా వాడలేదంటున్నారు.

చట్టం మాత్రం అలా అనడం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువు వల్ల ఒంటికి, ఆస్తికి నష్టం జరిగితే తయారీదారు పరిహారం చెల్లించాలి. తయారీదారు ఎవరో తెలియని సరుకైతే అమ్మినవాడే బాధ్యుడవుతాడు. పేరూ ఊరూ లేని లైట్లు అమ్మే వ్యాపారులు గమనించాల్సిన సంగతి ఇది. స్వయం ఉపాధితో జీవనం కోసం వాడుకునే వస్తువుకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది కాబట్టి రైతు నిక్షేపంగా వినియోగదారుడే. వస్తువు ధర 5 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. బిల్లు, ప్యాకెట్, కాలిన లైటు ముక్కలు, ఫొటోలు, ఆసుపత్రి కాగితాలు దాచుకోవాలి. బిల్లు అడగమన్నది అందుకే.

మన డిమాండ్లు

1. పగటి కరెంటు మాట కాగితం మీద ఆగకూడదు. ఫీడర్ల వారీగా రోజూ ఏ వేళ ఎన్ని గంటలు ఇచ్చారో సబ్‌స్టేషన్ దగ్గర బోర్డు మీద రాయాలి. వ్యవసాయ ఫీడర్లకు సౌర విద్యుత్ అనుసంధానం వేగంగా పూర్తి చేయాలి.

2. సంతల్లో, పట్టణ దుకాణాల్లో నమోదు సంఖ్య లేని లిథియం సెల్లులు, లైట్లు, స్ప్రేయర్ బ్యాటరీలపై అధికారులు తనిఖీలు చేయాలి. చిన్న దుకాణదారుడితో ఆపకుండా, ఆ సరుకు దింపే టోకు వ్యాపారి దాకా వెళ్లాలి.

3. సహకార సంఘాలు, రైతు సేవా కేంద్రాల ద్వారా రక్షణ సర్క్యూట్ ఉన్న ప్రమాణ లైట్లను సబ్సిడీ మీద ఇవ్వాలి. వ్యవసాయ యాంత్రీకరణ పథకాల కింద ఇచ్చే బ్యాటరీ స్ప్రేయర్లకు కూడా ఇదే షరతు పెట్టాలి.

4. మండల కేంద్రాల్లోని రిపేరు మెకానిక్‌లకు లిథియం బ్యాటరీలపై ఉచిత శిక్షణ ఇవ్వాలి. వారు మన శత్రువులు కారు, మనలాగే కష్టం మీద బతికేవారు. తెలియక చేసే పని తెలిసి మానేలా చేయడం ప్రభుత్వం పని.

5. ప్రతి మండలంలో వాడేసిన బ్యాటరీల సేకరణ కేంద్రం పెట్టాలి.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ అంశం చర్చకు పెట్టాలని కోరుతున్నాం. వచ్చేటప్పుడు ప్రతి సభ్యుడూ తన ఇంటి లైటును, స్ప్రేయర్ బ్యాటరీని వెంట తెచ్చుకోవాలి. నమోదు సంఖ్య ఉందా, ఉబ్బు ఉందా, రిపేరులో ఏం మార్చారు అని అందరం కలిసి చూద్దాం. ఎన్నింటికి గుర్తు లేదో లెక్క రాసి, ఆ లెక్కతోనే తహసీల్దారు కార్యాలయానికి వినతిపత్రం తీసుకెళ్దాం.